నిన్న రాసిన మినిట్స్

తొమ్మిదిమంది మొగోళ్ళు కూర్చుని డిగ్రీ పాఠాలు మార్చేదానికి మీటింగు పెట్టుకుంటే, తెల్లారి ఐదింటికి లేచి శనగబేళ్ళు ఉడకబెట్టింది సుధామణి. ఆ కమిటీలో పదో మనిషి ఆమే. కాగితం మీద పేరుండాది, బల్ల దగ్గర కుర్చీ ఉండాది. అయినా బేళ్ళు ఉడకబెట్టేది ఆమే. ఎందుకంటారా? ఆరేండ్ల కిందట ఒక మీటింగు రోజు, ఇంట్లో చేసినవి మిగిలినాయి కదా అని నాలుగు బేళ్ళ ఒబ్బట్లు డబ్బాలో పెట్టుకుని పోయింది. "అబ్బబ్బ, ఏం చెయ్యమ్మా నీది!" అని పెద్దసారు చెన్నరాయప్ప వేళ్ళు నాకినాడు. అంతే. ఆపొద్దు నుంచి మీటింగంటే సుధామ్మ ఒబ్బట్లు. ఆడది మొదటిసారి చేస్తే మర్యాద, రెండోసారి చేస్తే అలవాటు, మూడోసారికి అది ఆమె డ్యూటీ. నాలుగోసారి చేయకపోతే "ఏమమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడుగుతారు.

అత్త పుట్టమ్మ వంటింటి గడప దగ్గర చేతికర్ర ఆనించుకుని నిలబడింది. "ఏమమ్మే, ఆ కాలేజీలో నిన్ను పాఠం చెప్పేదానికి పెట్టుకున్నారా, వంట చేసేదానికి పెట్టుకున్నారా?" అంది. అడిగింది న్యాయమైన మాటే. అడిగినామె అదే నోటితో "నాకు రెండు తీసిపెట్టు, నెయ్యి కొంచెం ఎక్కువ పొయ్యి" అనకుండా ఉంటే ఇంకా న్యాయంగా ఉండేది.

మొగుడు శశికుమార్ హోసూరులోనే బండ్ల కంపెనీలో సూపర్‌వైజరు. షూ లేసులు కట్టుకుంటా, "నా టిఫిన్ డబ్బా యాడ?" అన్నాడు. డబ్బా ఆయన ముందరే ఉండాది. చూపించింది. చెడ్డోడు కాదులే ఆయప్ప. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి ఇంట్లోనే ఇస్తాడు. అయితే మాటొకటి అనేస్తాడు, అది ముల్లు మాదిరి లోపలే విరిగిపోతుంది. సుధామణి చెప్పేది చెట్టుచేమల శాస్త్రం. ఒక ఏడాది అత్త బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, ఎవరు లీవు పెట్టాల అని మాటొచ్చింది. శశికుమార్ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "నేను రాకపోతే లైను ఆగిపోతుంది సుధా. నీ ఆకుల పాఠం రెండు నెలలు ఆగితే చెట్లేమన్నా ఎండిపోతాయా?" అన్నాడు. నవ్వుతానే అన్నాడు. ఆమె కూడా నవ్వింది, అదే ఆమె చేసిన తప్పు.

రెండు నెలలు జీతం లేని లీవు పెట్టింది. అర్జీలో "అత్తగారిని చూసుకునేదానికి" అని రాస్తే చెన్నరాయప్ప సారు కళ్ళద్దాలు పైకి ఎత్తి, "అట్ల రాస్తే బాగుండదమ్మా, సొంత కారణం అని రాయి" అన్నాడు. రాసింది. ఆమె బస్సులో కూర్చుంటే ఇప్పటికీ ఆ మాటే తిరిగి తిరిగి వస్తుంది. విరిగిన కాలు అత్తది. అత్త ఆయనకు అమ్మ. లీవు అడగమని చెప్పింది ఆయన. ఇన్నిట్లో సుధామణిది ఏముండాది? ఆ కారణం ఒక్కటే ఆమె సొంతం. దానివల్ల సర్వీసులో గ్యాప్ పడింది, ఆమె తర్వాత చేరిన ఇద్దరు మొగపిల్లోళ్ళు ఆమెకంటే పైకి పోయినారు. వాళ్ళకు కూడా ఒబ్బట్లు వడ్డించింది.

కృష్ణగిరి బస్సులో రెండు డబ్బాలు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. వేడి తొడలకు తగులుతా ఉంది. శూలగిరి దాటినా ఆమె మనసు ఒక చోట నిలవలేదు. డబ్బా ఈ పక్కకు జరిపింది, ఆ పక్కకు జరిపింది. బ్యాగులో మినిట్స్ పుస్తకం ఉందా అని మూడుసార్లు తడిమి చూసుకుంది. ఉండాది. ఉండేదే ఆమెకు బాధ.

ఆ పుస్తకం సంగతి చెప్పాల. మీటింగులో ఎవరేమన్నారో, ఏమి నిర్ణయించినారో రాసే లావు రిజిస్టరు అది. పదకొండేండ్లుగా రాసేది సుధామణే. "నీ చేతిరాత ముత్యాల మాదిరి ఉంటుందమ్మా" అని ఒకరు, "ఆడవాళ్ళకు ఓపిక ఎక్కువ" అని ఒకరు ఆమెకు అంటగట్టినారు. ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉండాది, బయటోళ్ళకు చెప్తే నమ్మరు. మీటింగు శుక్రవారమైతే మినిట్స్ గురువారమే రాసేయాల! చెన్నరాయప్ప సారు అంశాలు చెప్తాడు, ఆమె ఒక్కొక్కదాని కింద "సభ్యులు కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించినారు" అని రాస్తుంది. మరునాడు అందరూ వచ్చి, కూర్చుని, తిని, సంతకం పెట్టి పోతారు. "పెళ్ళికి ముందే పత్రిక అచ్చేయించమా, ఇదీ అంతే" అంటాడు ఆయన. పెళ్ళి పత్రికలో 'పెళ్ళి జరిగిపోయింది' అని ఎవరన్నా వేస్తారా? ఆమె ఎప్పుడూ అడగలేదు.

నిన్న ఏడో అంశం రాసేటప్పుడు ఆమె పెన్ను ఆగింది. ఇంతవరకు నూటికి డెబ్బయ్యైదు హాజరు లేకపోయినా, అరవై దాటితే క్లాసు టీచరు సిఫారసు మీద పరీక్షకు కూర్చోబెట్టేవాళ్ళు. ఇక మీదట ఆ సిఫారసు లేదు. ఆటలకు పోయినవాళ్ళకు, కంపెనీల్లో ట్రైనింగుకు పోయినవాళ్ళకు మాత్రం ఎప్పటి మాదిరే వచ్చినట్టు లెక్క. మిగతావాళ్ళు ఏడాది పోగొట్టుకోవాల్సిందే. ఈ సెమిస్టరు నుంచే.

ఆమె పేరుకు క్లాసు టీచరు. క్లాసులో అమృత అని వేప్పనపల్లి దిక్కు బిడ్డ ఉండాది. హాజరు అరవై రెండు వచ్చింది. మొన్న వరండాలో పట్టుకుని చెప్పుకుంది.

"మేడం, అవ్వకు పక్షవాతం కొట్టింది. అమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, సీజన్ మేడం, మానుకుంటే మళ్ళా పిలవరు. నాయన తోటకు పోతాడు. ఆడపిల్లవి నువ్వుండు అన్నారు."

"మీ అన్న మన కాలేజీనే కదా?"

"పునీతన్నా? ఆయప్ప కబడ్డీకి పోయినాడు మేడం, ఇరవై రెండు దినాలు. ఆయప్పకు అన్నీ ప్రెజెంట్ వేసినారు." అని ఆ పిల్ల నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఆయప్ప ఆడ మొగోళ్ళను ఎత్తి పడేసినాడు. నేను ఈడ అవ్వను ఎత్తి కూర్చోబెట్టినాను. నా నడుమే ఎక్కువ నొచ్చింది మేడం."

పరీక్ష రాయకపోతే నాయన చదువు మాన్పించి అమ్మతో పాటు ఫ్యాక్టరీకి పంపిస్తానన్నాడంట. "సిఫారసు రాస్తాను, ఏడవద్దు" అంది సుధామణి. అన్న మరునాడే ఆ సిఫారసు లేదని తన చేత్తోనే రాసింది, ముత్యాల మాదిరి అక్షరాలతో.

కాలేజీకి తొమ్మిదిన్నరకే చేరింది. స్టాఫ్ రూములో కూర్చుని పుస్తకం వెనక్కి తిప్పింది. ఆటలవాళ్ళకు హాజరు ఇచ్చే ఆ రూలు ఎవరు పెట్టినారో చూద్దామని. మూడేండ్ల కిందటి పేజీ దొరికింది. "ఏకగ్రీవంగా ఆమోదించినారు." అక్షరాలు ఆమెవి. కింద పది సంతకాలు, పదోది ఆమెది. ఆపొద్దు ఈ మాట ఎప్పుడొచ్చింది, ఎవరు మాట్లాడినారు అని ఎంత తవ్వుకున్నా జ్ఞాపకం రాలేదు. జ్ఞాపకం వచ్చింది ఒక్కటే, ఆరో అంశం అయినాక ఆమె బయటికిపోయి ప్లేట్లు తుడిచి ఒబ్బట్ల మీద నెయ్యి పోసింది. ప్రతి మీటింగులో అంతే. ఆమె నెయ్యి పోసేటప్పుడు రూళ్ళు పాసైపోయినాయి. వచ్చి సంతకం పెట్టింది.

ఇంతకాలం ఎవరో తన నోరు మూసినారు అనుకునింది. ఎవరూ మూయలేదు, మూసుకోమని అడగను కూడా లేదు. ముందురోజే తానే రాసిచ్చింది, నాకు చెప్పేదేమీ లేదని. ఆమెకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి కిటికీ దాకా పోయింది, వచ్చింది, మళ్ళా పోయింది. ఫోను మోగింది. శశికుమార్. "పాలాయప్ప వచ్చినాడంట, అమ్మ ఫోన్ చేసింది, గిన్నె యాడ పెట్టినావు?" అన్నాడు. "పెట్టిన చోటే ఉండాది, చూసుకోమనప్పా" అని పెట్టేసింది. పద్దెనిమిదేండ్ల కాపురంలో అట్లాంటి జవాబు అదే మొదలు.

పదకొండుకు మీటింగు. పాఠాల మార్పులు గబగబా అయిపోయినాయి. ఆమె రాత్రుళ్ళు కూర్చుని రాసిన మూడేండ్ల సిలబస్ కూడా ఎవరిదని అడక్కుండానే అయిపోయింది. ఆరో అంశం ముగిసింది. చెన్నరాయప్ప సారు గడియారం చూసినాడు. ఆ చూపే సైగ.

"సుధామ్మా, ఆ డబ్బాలు..."

"బల్ల మీదే ఉండాయి సార్. మూత తీసుకుంటే వస్తాయి."

ఎవరో నవ్వినారు. ఆమె కదల్లేదు. సారు కొంచెం తడబడి ఏడో అంశం చదివినాడు. "అందరికీ సమ్మతమే కదా? ఏకగ్రీవం."

"నాకు సమ్మతం లేదు సార్."

"ఏందమ్మా ఇది? ఏకగ్రీవమని రాసింది నువ్వే కదా. ఇదిగో, నీ చేతిరాత!"

"అది నిన్న రాసినాను సార్. మీటింగు ఈపొద్దు కదా."

ఆమె ఒక అన్న, ఒక చెల్లెలు, ఒకే ఇల్లు, ఒకే కాలేజీ అని సంగతి చెప్పింది. పేర్లు చెప్పలేదు. ఆటలు చూసే మోహన్‌కుమార్ సారు కుర్చీ వెనక్కి వాల్చినాడు. "అది వేరే, ఇది వేరేమ్మా. కబడ్డీ కొడితే కాలేజీకి పేరు. ముసలమ్మకు గంజి పోస్తే కాలేజీకి ఏమొస్తుంది? ఇంటి పని ఎవరింట్లో లేదు? మా ఇంటామె చేయలేదా, ఎప్పుడన్నా నోరెత్తిందా?"

సుధామణి నిన్నటి పేజీ మీద అడ్డంగా గీత కొట్టింది. కొత్త పేజీ తిప్పి రాయబట్టింది.

"ఏం రాస్తున్నావమ్మా?"

"మీరు చెప్పిందే సార్. 'ముసలమ్మకు గంజి పోస్తే కాలేజీకి ఏమొస్తుంది, మా ఇంటామె ఎప్పుడన్నా నోరెత్తిందా.' మోహన్‌కుమార్ గారు."

"ఏయ్, అదెందుకు రాస్తావు? కొట్టెయ్!"

"కొట్టేస్తాను సార్. మాట వెనక్కి తీసుకున్నారని పక్కన రాస్తాను."

యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన దగ్గు వచ్చినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. అది దగ్గు కాదు. ఆ తర్వాత చూడాల తమాషా! తొమ్మిదిమందీ నోరు తెరిచేముందు ఆమె పెన్ను దిక్కు చూసినారు. మాట నాలుక దాకా వచ్చి, పెన్ను చూసి, వెనక్కి పోయింది. పదకొండేండ్లలో ఆ గదిలో అంత ఆలోచించి మాట్లాడింది ఆపొద్దే. కడాకు ఒకాయన, "వచ్చే మీటింగుకు పెట్టుకుందాం సార్, తొందరేముంది" అన్నాడు. ఇంకొకాయన ఊ అన్నాడు. ఏడో అంశం వాయిదా, అంతవరకు పాత రూలే. ఆమె అది రాసి, గట్టిగా చదివి వినిపించి, అప్పుడు సంతకాలు తీసుకుంది. చివర తనది పెట్టింది. ఆడనే కూర్చుని అమృత సిఫారసు కాగితం కూడా నింపింది. కారణం అనే చోట "అవ్వను చూసుకునేదానికి" అని రాసింది, సొంత కారణం అని రాయలేదు.

మెట్ల దగ్గర చెన్నరాయప్ప సారు ఆపినాడు. మొహంలో నవ్వు ఉండాది, కళ్ళలో లేదు. "వచ్చేసారి మినిట్స్ మోహన్‌కుమార్ రాస్తాడులేమ్మా. నీకెందుకు ఆ శ్రమ."

"మంచిది సార్," అంది సుధామణి. "అట్లయితే నేను మాట్లాడేదానికి వస్తాను."