ఆరో వంతు ట్యాంకు

ఇల్లరికం వచ్చినవాడికి ఆ ఇంట్లో అన్నీ ఉంటాయి, గడియ తప్ప.

కింద పళ్ళసెట్లు చేసే ల్యాబు, పైన ఇల్లు, రెండూ మామగారివే. అల్లుడు పొద్దున మెట్లు దిగితే పనిలో పడతాడు, సాయంత్రం మెట్లెక్కితే ఇంట్లో పడతాడు. మధ్యలో రోడ్డు మీద కాలు పెట్టే పనే లేదు. "ఎండ తగలదు, వాన తగలదు, ఇంతకంటే సుఖం ఏముందయ్యా!" అంటాడు మామగారు. నిజమే. బీరువాలో మడతపెట్టిన దుప్పటికి కూడా ఎండా వానా తగలవు.

పడకగది తలుపుకు గడియ ఉండేదట. కూతురు చిన్నప్పుడు లోపల ఇరుక్కుపోయి ఏడిచిందని మామగారు ఊడబీకించాడు. కూతురు పెద్దదైంది, పెళ్ళైంది, గడియ మాత్రం తిరిగి రాలేదు. తలుపు తట్టే అలవాటు ఆయనకు లేదు. దగ్గుతూ వస్తాడు. ఆ దగ్గూ ఆ మనిషీ ఒకేసారి లోపల ఉంటారు.

ఆ గదిలో అల్లుడిదంటూ ఉన్నది మంచం తలవైపు గోడకున్న ఒక్క అద్దాల అర. అందులో వేలెడంత సైనికులు, అరచేతిలో పట్టే ఫిరంగులు, సబ్బుబిళ్ళంత ట్యాంకులు వరస కట్టి ఉంటాయి. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఫోనులో ఒక గుంపు కట్టుకున్నారు. అక్కడ అతణ్ణి 'కల్నల్' అంటారు. ఆ కల్నల్ జన్మలో పట్టిన ఆయుధం మైనం చెక్కే కత్తి ఒక్కటే.

ఆ గుంపులో ఏడాదికోసారి ఒక ఆట నడుస్తుంది. ఇల్లూ, జేబూ, పెళ్ళామూ మూడూ అడ్డం రాకపోతే ఏం తెచ్చుకుంటావు? ఎవరి కలల జాబితా వాళ్ళు రాసిపెట్టాలి. మంచమంత యుద్ధనౌక కావాలని ఒకడు, రైలు పట్టాల మీద నడిచే ఫిరంగి పట్టాలతో సహా కావాలని ఇంకొకడు. ఎంత దొరకని వస్తువు రాస్తే అంత గౌరవం. దొరికేది రాసినవాణ్ణి, "ఇది కల కాదురా, సరుకుల చీటీ" అని ఏడిపిస్తారు.

కల్నల్ జాబితాలో మొదటి పేరు ఏటా ఒకటే. అసలు ట్యాంకులో ఆరో వంతుండే ఇనప ట్యాంకు. నాలుగడుగుల పొడుగు, ఇద్దరు పట్టినా కదలని బరువు. అందులో డ్రైవరు సీటుండాలి, ఆ సీటుకు మూత ఉండాలి. ఆ మూత గురించే అతను ఎక్కువ రాసేవాడు. డ్రైవరు లోపల కూచుని తల మీద మూత లాక్కుని గడియ పెట్టుకుంటాడు. ఇక వాణ్ణి బయటివాడెవడూ దగ్గి పలకరించలేడు.

ఈ ఏడు కూడా అదే రాశాడు గానీ మనసు అందులో లేదు. ఎందుకంటే నిజం గడియ ఒకటి దొరికేట్టుంది. అవతలి పేటలో కొత్తగా పెట్టిన ల్యాబు యజమానురాలు అతని పని చూసి, ఒక బల్ల ఖాళీగా ఉంది వస్తారా అని అడిగింది. ఆ దగ్గర్లోనే రెండు గదుల వాటా చూసొచ్చాడు. భార్యనూ తీసుకెళ్ళి చూపించాడు.

"ఎలా ఉంది?"

"బావుంది."

"వంటగదిలో వెలుతురు చూశావా?"

"చూశాను."

"మరి మీ నాన్నకి చెప్పెయ్యనా?"

"సరే, మీ ఇష్టం."

ఆదివారం భోజనాలయ్యాక చెప్పాలనుకున్నాడు. మాటలు కూడా పేర్చుకున్నాడు. పళ్ళసెట్టు చేసినట్టే, ముందు మైనంతో చేసి, నోట్లో పెట్టి చూసుకుని, అక్కడక్కడ చెక్కి.

ఆదివారం భోజనాల కంటే ముందే వీధిలో లారీ ఆగింది. నలుగురు మనుషులు రెండు చెక్కపెట్టెలు మోస్తూ, ఒకర్నొకరు తిట్టుకుంటూ మెట్లెక్కారు. హాల్లో సోఫా అప్పటికే బాల్కనీలోకి చేరింది. కిటికీ కింద కొత్త బల్ల ఒకటి, ఏనుగును నిలబెట్టినా వంగనిది, సిద్ధంగా ఉంది.

"ఇదేంటి మామయ్యగారూ?"

"విప్పు, నువ్వే విప్పు." మామగారి మొహంలో నవ్వు ఆగడంలేదు.

మూత తీసి అల్లుడు పెట్టె పక్కనే చతికిలబడ్డాడు. నూనె కాగితాల్లో చుట్టిన ఇనప చక్రాలు, ఫిరంగి గొట్టం, చక్రాల మీద గొలుసుగా చుట్టే బొటనవేలంత లింకులు కుప్పలుకుప్పలు. పైన, విడిగా చుట్టిపెట్టి, డ్రైవరు సీటు మూత.

"ఈ వెధవ నీ జాబితా చూపించాడయ్యా," అన్నాడు మామగారు కొడుకు వీపు తట్టి. "ఎన్నేళ్ళనుంచో అదే రాస్తున్నావటగా! నోరు తెరిచి నన్నడగొచ్చుగా? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"గుంపులో చెప్పు బావా," అన్నాడు బావమరిది. "నీ ఇల్లూ జేబూ రెండూ మా నాన్నే. అడ్డం రావాల్సింది మా అక్కొక్కతే."

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి పెట్టెలకేసి చూస్తోంది. అల్లుడు ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె తల దించుకుంది.

కోరింది చేతికొస్తే సంతోషించాలి కదా. సంతోషించాడు కూడా. కానీ పేర్చుకున్న మాటలు నోట్లోనే కరిగిపోయాయి. కుడితిలో పడ్డ ఎలుకకు కూడా కుడితి రుచిగానే ఉంటుంది మరి.

వారం గడిచింది. వచ్చిపోయేవాళ్ళందరికీ మామగారు ట్యాంకు చూపిస్తున్నాడు. పళ్ళ కొలతలివ్వడానికి వచ్చిన ముసలివాళ్ళను కూడా, బోసినోళ్ళతోనే, పైకి తీసుకొస్తున్నాడు. "మా అల్లుడిది. ఇక్కడే బిగిస్తాడు." ఆ 'ఇక్కడే' వినపడ్డప్పుడల్లా అల్లుడికి ఊపిరి సగమే ఆడేది. అవతల వాటా ఇంటావిడ ఫోను చేసి, "ఉంటారా, లేదా? ఇంకొకళ్ళు అడుగుతున్నారు బాబూ," అంటోంది.

చివరికొక సాయంత్రం కళ్ళు మూసుకుని చెప్పేశాడు.

మామగారు కేకలెయ్యలేదు. వేస్తే బావుండేది. కాసేపు ట్యాంకు వంక చూశాడు.

"వెళ్ళు. రెక్కలొచ్చినవాణ్ణి ఆపుతానా? కానీ ఇంత ఇనుము ముక్కలుముక్కలుగా నా హాల్లో పారేసి పోతావా? బిగించు. బిగించిన రోజు నేనే బండి పిలుస్తా."

"యుద్ధం ముగిసేదాకా కల్నల్‌కి సెలవు లేదన్నమాట," అన్నాడు బావమరిది.

ఆ రోజునుంచి మెట్లెక్కి ఇంట్లో పడటం పోయింది. మెట్లెక్కి ఇంకో పనిలో పడ్డాడు. మామగారు పక్కన స్టూలేసుకుని కూచునేవాడు. లింకుకూ లింకుకూ మధ్య దూర్చే పిన్నులు ఒక్కొక్కటే అందించేవాడు. సగం జారి కింద పడేవి.

"ఇంతేనా, ఇంకా పెద్ద సైజువి కూడా చేస్తారా?"

"చెయ్యరు మామయ్యగారూ."

"చేస్తే అదీ తెద్దాం."

అల్లుడు పిన్ను దూర్చేవాడు. ఇన్నాళ్ళూ కలలో కట్టుకున్న బండి ఇదే. ఇప్పుడు ఒక్కో లింకూ తన కాలికే తగిలిస్తున్నట్టుంది.

అయినా చకచకా బిగించుకొచ్చాడు. చక్రాలు కూచున్నాయి, గొట్టం నిలిచింది. కుడివైపు గొలుసు పూర్తయింది. మర్నాడు సాయంత్రం చూస్తే ఆ గొలుసు తెగి కింద వేలాడుతోంది. లింకులు విడివిడిగా, పిన్నులు పక్కనే బుద్ధిగా వరసలో.

సరిగా దూర్చలేదేమో అనుకున్నాడు. మళ్ళీ బిగించి, ఎడమవైపుదీ పూర్తి చేశాడు. మర్నాడు ఎడమవైపుది విడిపోయింది. దాన్ని బిగిస్తే మళ్ళీ కుడివైపుది.

అర్థమైంది. ఎవరో అడగక్కర్లేదు. స్టూలు మీద కూచుని అమాయకంగా పిన్నులందించే పెద్దమనిషి మొహం చూస్తే వొళ్ళు మండిపోయింది. కానీ ఏమని అడుగుతాడు? మీరిచ్చిన కానుకను మీరే విప్పుతున్నారా అనా? విప్పేవాడిదే ఇల్లు, విప్పేవాడిదే ట్యాంకు, విప్పేవాడిదే తను తినే కంచం. పళ్ళు నూరుకుంటూ మళ్ళీ బిగించేవాడు. రోజూ ఊళ్ళోవాళ్ళకు పళ్ళిచ్చేవాడికి తన పళ్ళు నూరుకోవడానికి మాత్రమే పనికొచ్చాయి.

వాటా ఇంటావిడ గడువు పెట్టేసింది. ఈ వారం దాటితే వాటా ఇంకొకరిది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం గదిలో మరిచిపోయిన పళ్ళ అచ్చు ఒకటి తెచ్చుకుందామని అతను వేళకాని వేళ పైకొచ్చాడు. మామగారు కింద, గల్లా దగ్గర కూచుని కునుకు తీస్తున్నాడు. అత్తగారు గదిలో పడుకుంది. హాల్లో టక్కుమని చిన్న చప్పుడైంది. తలుపు దగ్గరే ఆగిపోయాడు.

భార్య ట్యాంకు ముందు బాసింపట్టు వేసుక్కూచుని ఉంది. చేతిలో సన్నటి చువ్వ. పిన్ను మొనకానించి అరచేత్తో తట్టింది. పిన్ను గీత పడకుండా అవతలికి జారింది. తీసి ఒళ్ళో పెట్టుకుంది.

అతను చూశాడని తెలిసి కూడా లేవలేదు.

"నువ్వా?" అన్నాడు. "మీ నాన్న చేయించాడా?"

"నాన్నకేం తెలుసు, పాపం. ఆయన రోజూ ఎవరు విప్పుతున్నారా అని నన్నే అడుగుతున్నాడు. మీరే విప్పుతున్నారనుకుంటున్నాడు. పోవడం ఇష్టంలేక."

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో అతనికి తెలియలేదు.

"వెళ్దామంటే సరే అన్నావు కదే!"

"అన్నాను. ఆయన ఉండమంటే అప్పుడూ సరే అన్నాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాకేం కావాలో ఎవరడిగారు?"

"నేనడిగాను. ఇల్లు చూపించి మరీ అడిగాను."

"మీరడిగింది వంటగదిలో వెలుతురు గురించి."

అతను తలుపు వదిలి లోపలికొచ్చాడు.

ఆమె ఒళ్ళోని పిన్నులు ఒక్కొక్కటే నేల మీద పేరుస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు. "నేను జడ వేసుకోవడం కంటే ముందు పళ్ళకు రంగు కలపడం నేర్చుకున్నాను. మనిషి మొహం చూసి ఏ పన్ను నప్పుతుందో చెప్తాను. మీరు చేసిన సెట్లన్నీ నేను రంగు చెప్పాకే కదా బయటికెళ్ళేది? కింద బల్ల నాది కాదు, పక్కన నిలబడి చెప్తాను. కూతుర్ని గదా, బల్లెందుకు. సరే. అక్కడికెళ్తే ఆ నిలబడే చోటు కూడా ఉండదు. అక్కడ మీకు బల్ల ఉంది. నాకు స్టవ్ ఉంది."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

"మీకు ఎన్నేళ్ళు పట్టింది నాన్నకు చెప్పడానికి?"

అతను ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఇద్దరి ముందూ ట్యాంకు, ఒకవైపు గొలుసు ఊడి, కుంటి పశువులా. ఇంతకాలం ఈ ఇంట్లో ఊపిరాడనిది తనొక్కడికే అనుకున్నాడు. పక్కనే పడుకునే మనిషికి కూడా అదే గాలి అని తట్టలేదు.

ఫోను తీశాడు. కొత్త ల్యాబు యజమానురాలికి చేసి, తనతోపాటు, పళ్ళకు రంగు కలపడం తెలిసిన భార్యకూ పని ఉంటుందా అని అడిగాడు.

"అయ్యో, ఉన్నదొక్క బల్లేనండీ," అందావిడ. "రంగుల పని తెలుసంటున్నారు, నాకూ అలాంటి మనిషే కావాలి. కానీ ఇద్దరికి ఎక్కడ చోటు? ఇద్దరిలో ఎవరో ఒకరు."

భార్యకు వినపడుతూనే ఉంది. "మీరే వెళ్ళండి," అంది పిన్నులకేసి చూస్తూ. ఆ 'మీరే'లో అలకలేదు. అలవాటుంది.

ఫోనులో యజమానురాలు "హలో, హలో" అంటోంది. కిందనుంచి మామగారి దగ్గు వినపడింది.

"మా ఆవిడ వస్తుందండీ," అన్నాడు. "రేపే వచ్చి పని చూపిస్తుంది. నేను రావడంలేదు."

"పిచ్చెక్కిందా మీకు?" భార్య ఫోను లాక్కోబోయింది. "మరి మీరు?"

"నాకిక్కడ బల్ల ఉందిగా."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఒక లింకు తీసి అతని చేతిలో పెట్టింది. చువ్వ అతనికిచ్చింది. మామగారు కునుకు తీరి పైకొచ్చేసరికి ఆ వైపు గొలుసు పూర్తయింది. తర్వాత దాన్ని ఎవరూ విప్పలేదు.

సంగతి చెబితే మామగారికి తలకెక్కడానికి చాలాసేపు పట్టింది. అల్లుడు పోతాడని మనసు రాయి చేసుక్కూచున్న మనిషి ఆయన. రాయి ఒకవైపు, దెబ్బ ఇంకోవైపు.

"అంటే, పనికి పోయేది అమ్మాయా?"

"అవునండీ."

"నువ్వు?"

"నేను పొద్దున్నే వచ్చేస్తాను మామయ్యగారూ. సాయంత్రం వెళ్తాను."

"ఇదెక్కడి చోద్యం నాన్నా," అన్నాడు బావమరిది. "అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుంటే కూతురు పోవడమేంటి?"

"నోర్ముయ్యిరా," అన్నాడు మామగారు. కానీ మాట ఇచ్చిన మనిషి. బండి తనే పిలిచాడు. ట్యాంకు మాత్రం హాల్లోనే ఉండిపోయింది. ఆ వాటా గుమ్మంలో అది పట్టదు. పట్టినా అల్లుడు తీసుకెళ్ళేవాడు కాదు.

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరూ కలిసి కొత్త వాటాలోంచి బయల్దేరతారు. ఆమె ఎడమకు నడిచిపోతుంది, వెనక్కి చూడకుండా, గబగబా. అతను కుడికి, బస్సు కోసం. బస్సు దిగి అదే ల్యాబు, అదే కిటికీ, అదే బల్ల. దగ్గు, దాని వెంట మామగారు. రోజంతా పక్కనే కూచుంటున్నాడాయన. కూతురు లేక పైన పొద్దుపోవడం లేదట.

నిన్న ఒక ముసలావిడ సెట్టు మైనంలో పూర్తయింది. మామగారు పళ్ళ రంగులు పోల్చి చూసే పట్టీ పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు, నీడలోకి తిప్పాడు.

"ఏ రంగంటావు?"

"నాకు తెలీదు మామయ్యగారూ."

"అమ్మాయికి ఫోను చెయ్యి."

చేశాడు. అవతల మిషన్ల చప్పుడు, ఎవరో ఆడవాళ్ళ నవ్వులు, వాటి మధ్యలోంచి ఆమె గొంతు, తొందరతొందరగా. "ఇప్పుడు కుదరదండీ. పనిలో ఉన్నానని చెప్పండి నాన్నకి."

ఫోను పెట్టేసింది.

"ఏమంది?"

"పనిలో ఉందట."

మామగారు పట్టీ కింద పెట్టాడు. "పనిలో ఉందట," అన్నాడు, అల్లుడితో కాదు, చేతిలో ఉన్న పళ్ళసెట్టుతో. అల్లుడు కత్తి తీసుకుని మైనం మీదికి వంగాడు.