గలగలమన్న తూటా

హెల్మి తూటాని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల తుపాకీ మందు గలగలమంది.

ఇరవై ఆరేళ్లుగా తన తూటాలు తనే నింపుకుంటోంది. ఒక్కటీ ఇలా మోగలేదు. ఆమె పోసే మందు ఇత్తడి గొట్టం నిండా, గుండు అడుగుదాకా ఉంటుంది. కదలడానికి చోటుండదు. ఇందులో సగం ఖాళీ. అంటే మందే వేరు, రైఫిల్‌నే బద్దలు కొట్టేది. పైగా గుండు తాగుబోతు నెత్తిమీద టోపీలా ఓ పక్కకి ఒరిగి ఉంది.

పోయిన వారం ఆమె షెడ్డులోకి వచ్చినవాడు ఒక్కడే. ట్రక్కు లాగడానికి గొలుసు కావాలంటూ వచ్చి గంటసేపు కదలని మరిది రెయినో. అరవై ఏళ్లొచ్చినా వాడికి తూటా నింపడం చేతకాదు. దుకాణంలో కొంటాడు, గురి తప్పినప్పుడల్లా దుకాణాన్ని తిడతాడు.

"ఏం వదినా, పాట వింటున్నావా?" మంచులో నిలబడి రెయినో అడిగాడు. తింటున్న పాస్టీ, మాంసం కూరి కాల్చిన రొట్టె, సగం గడ్డంలోనే ఉంది.

"ఆఁ. శ్రుతి కుదర్లేదు."

రేపు నవంబరు పదిహేను, దుప్పుల వేట మొదలు. ముందురోజు మధ్యాహ్నం వేట క్యాంపులో ప్రతివాళ్లూ బర్చ్ చెట్టుకి కొట్టిన కాగితం ప్లేటు మీద ఒక్క తూటా పేల్చాలి. ప్లేటుకి తగలకపోతే మంచె వదులుకోవాలి. గట్టు మీది మంచె హెల్మిది, అంతకుముందు చనిపోయిన ఆమె భర్త వాడినది. దుప్పులు వాగు దాటేది దాని కిందే. రెయినో మూడేళ్లుగా దానికోసం చొంగ కారుస్తున్నాడు.

చెక్క మంచె కోసం చంపడానికి వచ్చాడన్నమాట. ఇంత అధ్వాన్నపు పనితనంతో.

ఆమె తూటా రైఫిల్‌లో పెట్టి, ట్రిగ్గర్ కింది మీట లాగి మూసింది. తూటా అడుగున కొట్టి పేల్చే సుత్తి పైకి లేచి ఉంది. "మరిదీ, ముందు నువ్వు కొట్టు. నా రైఫిల్‌తోనే."

భయపడి వెనక్కి తగ్గుతాడనుకుంది. క్యాంపు పెద్ద అర్వో ముందు అంత సాక్ష్యం చాలు. కాఫీ ఫ్లాస్కుతో మొద్దు మీద కూర్చున్న అర్వో తలెత్తాడు.

రెయినో వెనక్కి తగ్గలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని సంబరంగా రైఫిల్ అందుకున్నాడు. "చూడు అర్వో బాబాయ్, వదిన చేతి మహిమ," అంటూ బుగ్గ ఆనించాడు. పెదాల మీద జోకు చెప్పబోయేవాడి నవ్వు.

అది హంతకుడి నవ్వు కాదు. ఆ తూటా పేలితే ఏమవుతుందో ఈ మొద్దు స్వరూపానికి తెలియదు.

హెల్మి ఒక్క దూకు దూకి కుడిచెయ్యి సుత్తి ముందు దూర్చింది. రెయినో అప్పుడే ట్రిగ్గర్ నొక్కాడు. సుత్తి ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో దిగింది. పేలలేదు.

"పిచ్చా నీకు వదినా?"

"నోరు ముయ్. కదలకు." ఎడమచేత్తో సుత్తి వెనక్కి లాగి చెయ్యి విడిపించుకుంది. మీట కిందికి కొట్టింది. తూటా ఎగిరి మంచులో పడింది, దాని పక్కనే నెత్తుటి చుక్కలు. "ఇందులో ఏం పోశావు?"

రెయినో బూట్లు చూసుకున్నాడు. "షాట్‌గన్ తూటాలోది. కొంచెమే. తుస్సుమంటుందనుకున్నా. నీ చేతులు వణుకుతున్నాయంటే ఎవరూ నమ్మట్లేదు కదా."

అర్వో ఫ్లాస్కు మూత బిగించాడు. "ఆ మందు దీంట్లో మామూలుగా కాలదురా. ఒక్కసారే బద్దలవుతుంది. ఈ ఇనుమంతా నీ కంట్లో ఉండేది."

"కొంచెమే కదా పోసింది," అన్నాడు రెయినో, అదేదో పొదుపైనట్టు.

హంతకుడైతే కాస్త భయపడొచ్చు. వీడికి భయపడటం కూడా దండగ అనుకుంది హెల్మి. రుమాలు చేతికి చుట్టుకుంది. అప్పటికే చెయ్యి వాచి వేళ్లు ముడుచుకోవట్లేదు.

రెయినో అదీ గమనించాడు. "మరి రేపు గట్టు మీద ఎవరు..."

ఇద్దరూ వాడివైపు తిరిగారు. వాడు జేబులోంచి మిగిలిన పాస్టీ తీసి కొరికాడు.

"ఆనవాయితీ అందరికీ ఒకటేనమ్మా," అర్వో ఇబ్బందిగా అన్నాడు. జేబులోంచి ఓ తూటా తీసి ఇచ్చాడు. ఆగస్టులో ఆమె నింపి ఇచ్చినదే. ఇవాళ పొద్దున దాకా ఆయన ఇంట్లో సొరుగులో ఉంది.

హెల్మి రైఫిల్ ఎడమ భుజానికి ఎత్తింది. ఎప్పుడూ అలా కొట్టలేదు. మీట ఏ చేతికైనా ఒకటే, కన్నే తడబడుతోంది. ఊపిరి సగం వదిలి ఆగింది. పేల్చింది.

అర్వో నడిచి వెళ్లి చూశాడు. "అంచు చిరిగింది. అంచు కూడా ప్లేటే."

"నా వంతు ఉంది ఇంకా," అన్నాడు రెయినో తన తుపాకీ తీసుకుంటూ.

అర్వో మేకు పీకి, ప్లేటుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నీకు ప్లేటు లేదు. ట్రక్కు స్టార్ట్ చెయ్యి. చీకటి పడకముందే మెయిన్ రోడ్డు ఎక్కు."