చలిపొద్దు పరుగుబాట

“ఇడ్లీ సల్లగైంది వసంతా, మళ్ల ఓ వాయి పెట్టు,” అంది అత్త బుచ్చమ్మ. చల్లబడడం ఇడ్లీ తప్పు కాదు, ఫోను చూస్తూ కూర్చున్న సాయిచంద్ తప్పు. కొడుకు తప్పుకు కోడలు వాయి మీద వాయి పెట్టడం కొండాపూర్‌లోని ఆ ఫ్లాటులో పెళ్లయిన నాటి నుంచీ ఉన్న పద్ధతే. టిఫిన్లు, డబ్బాలు, అత్త మోకాళ్లకు నూనె అన్నీ అయ్యేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చేవాడు. అప్పుడు కదిలేది వసంత ఉద్యోగానికి. “నీదేం పని, గ్రౌండ్ల ఇనుపగుండు పడేసి ఇంటికొస్తవు,” అనేవాడు సాయిచంద్, హైటెక్ సిటీలో కుర్చీ దిగకుండా అలసిపోయే మహానుభావుడు.

గుండు పడేసే మాట నిజమే. బడుల్లో పరిచే రబ్బరు పరుగుబాటల మీద యంత్రం నిలబెట్టి, దానిలోంచి బరువు వదలాలి. ఆ దెబ్బలో నేల ఎంత మింగిందో యంత్రం చెబుతుంది. నేల మింగనిది పిల్లల మోకాళ్లు మింగాలి. అంతే ఆ విద్య. బాటలు వేసే కాంట్రాక్టర్లందరూ వసంత మేడమే రావాలని, వాటిని పరీక్షించే ఆమె కంపెనీని ఏరికోరి అడిగేవారు. ఇంట్లో ఎవరూ అనని మంచిమాట బయటివాళ్లయినా అంటున్నారని ఆమె లోలోపల మురిసిపోయేది.

ఆ మురిపెం పుప్పాలగూడ బడిలో తీరిపోయింది. మధ్యాహ్నం యంత్రం బాట బాగుందనే చెప్పింది. ఆటల టీచర్ రేఖ మాత్రం పక్కకు వచ్చి, “ఎండకు రబ్బరు మెత్తగైంది మేడం. మా పిల్లలు పొద్దుగాల చలిల ఉరుకుతరు. అప్పుడిది బండ. మడిమలు వాస్తున్నయి. ఒక్కపారి పొద్దుగాల రాండ్రి,” అంది.

ఆ మాటే వసంత ఆ బాట వేసిన కాంట్రాక్టర్ వెంకటనారాయణతో అంటే ఆయన నవ్వాడు. “పొద్దున మీకెలా కుదురుతుందండీ, ఇంట్లో వంటావార్పూ ఉంటాయి కదా. మీరు మధ్యాహ్నం తప్ప రారని అందరికీ తెలుసు. అందుకేగా మిమ్మల్నే పంపమంటాం.”

వెటకారంగా అనలేదు, మెచ్చుకోలుగానే అన్నాడు. అందుకే అది మరీ లోపలికి దిగింది. అంటే ఇన్నాళ్లూ వీళ్లు అడిగింది తన చేతి పనిని కాదు, తన వంటింటిని. ఆ పొయ్యి తనను పొద్దెక్కేదాకా కట్టిపడేస్తుందని ఊరందరికీ తెలుసు, తనకే తెలియదు. పొయ్యి దగ్గర నిలబడితే నొచ్చేది తన నడుమొక్కటే అనుకుంది, నా నడుమే కదా పోనీలే అనుకుంది. ఆ పోనీలే పోయి పోయి ఎవరి పిల్లల కాళ్లకో తగిలింది. ఎన్ని బడులు, ఎన్ని బాటలు, అన్నీ నడి ఎండలో బాగున్నాయని చెప్పినవే.

“రేప్పొద్దుగాల చీకటితోనే పోవాలె,” అంది ఆ సాయంత్రం.

“మరి నా డబ్బా?” అన్నాడు సాయిచంద్.

“ఆడమనిషి జర సర్దుకపోవాలె బిడ్డా,” అంది బుచ్చమ్మ. “ఎండపొద్దుకు పోతే నీ గుండు కింద పడదా ఏంది?”

“పడతది అత్తమ్మా, అబద్ధం చెప్తది. పిండి ఫ్రిజ్‌ల ఉన్నది. ఇడ్లీ పాత్ర ఏడుందో మీకెరుకే. స్టవ్ ఏడుందో మీ కొడుకుకు జర చూపియ్యిండ్రి.”

తెల్లవారుతుండగా, మంచు తడి ఆరని బాట మీద బరువు వదిలింది. రేఖ చెప్పినట్టు బండే. చోటు మార్చింది, మళ్లీ బండే. మఫ్లర్ చుట్టుకుని పరుగున వచ్చాడు వెంకటనారాయణ. “ఎండ రానివ్వండి మేడం, చాయ్ తాగి మళ్లీ చూద్దాం.”

అంతలో సాయిచంద్ ఫోను. “కుక్కర్ మూత పడతలేదు. ఎప్పుడొస్తవు?”

“పనైనంక. మూత నువ్వే చూసుకో,” అని పెట్టేసి, వెంటనే తన కంపెనీ మేనేజరుకు కలిపింది. “సార్, పుప్పాలగూడ బాట ఫెయిల్. ఇగ నుంచి నేను పొద్దుగాలనే పోత. ఇంతకుముందు పాస్ చేసినయన్నీ మళ్ల చూస్త.”

వెంకటనారాయణ ముఖం మాడిపోయింది. “రోజూ పొద్దున్నే అంటే... ఇంట్లో ఒప్పుకున్నారా అండీ?”

వసంత బరువును మళ్లీ పైకి ఎత్తింది.

“నేను అడగలే.”