గోరంత రొట్టె

పరుగు నేర్పే మనిషిని, రెండో అంతస్తు ఎక్కేసరికి నాకే ఆయాసం వచ్చింది. మా కరాకోల్ ఊళ్లో ఆ సంగతి ఎవరికి తెలియకూడదో ఆ డాక్టర్ మెదెర్‌కే తెలిసింది.

"నూట డెబ్భై," అన్నాడు బీపీ పట్టీ విప్పుతూ. "మాత్ర రాస్తాను సోనూన్, కానీ మాత్ర ఒక్కటే చాలదు. నీ జట్టు మొత్తానికీ ఆరోగ్య పత్రాల మీద సంతకాలు పెట్టేశాను. నీ కాగితం మీద మాత్రం పెట్టను. మూడు వారాల్లో నూట నలభై లోపుకి దించుకురా. లేదంటే బిష్కెక్ పోటీలకి ఇంకెవర్నన్నా పంపు."

ఇంకెవర్ని పంపను? నా జట్టులో ఆరుగురు. అందరూ ఇరవై దాటినవాళ్లే. చదువూ లెక్కలూ వాళ్లకి నెమ్మదిగా ఎక్కుతాయి, కాళ్లు మాత్రం నెమ్మది కావు. అందులో బురులాయ్ ఇల్లు వదిలి ఒక్క రోజూ ఉండలేదు. "ఎజే వస్తే వస్తా. రాకపోతే పరుగూ వద్దు, బస్సూ వద్దు," అని తేల్చేసింది. ఎజే అంటే అక్క, నేనే. నాలుగేళ్లుగా ఈ పోటీ కోసమే పరిగెడుతున్న పిల్ల నా బీపీ వల్ల ఆగిపోతే, నా మొహం ఎక్కడ పెట్టుకోను?

రోగం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. సాధన అయ్యాక ఆరుగుర్నీ నేనే నడిపించుకెళ్లి ఇళ్లకి దింపుతాను. మా దగ్గర గడప దాకా వచ్చిన మనిషి రొట్టె రుచి చూడకుండా వెళ్లకూడదు. ఒక్క తుంపు నోట్లో వేసుకుంటే చాలు, మర్యాద తీరిపోయినట్టే. కానీ తల్లులు ఊరుకుంటేనా! రొట్టె వెనకే మీగడ, మీగడ వెనకే జామ్, దాని వెనకే ఉప్పు పెట్టిన గుర్రపు మాంసం. వాటి మధ్య దిగులు. నా తర్వాత నా బిడ్డనెవరు చూస్తారని ఒకామె, ఇరుగుపొరుగు వెక్కిరిస్తున్నారని ఇంకొకామె. మధ్యలో ఎలా లేస్తాను? రోజూ ఆరిళ్ల మీగడా ఆరిళ్ల దిగులూ నేనే మింగేదాన్ని.

మర్నాడు జట్టుకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. షబ్దాన్ లేచి నిలబడ్డాడు. ముప్ఫై రెండేళ్లవాడు, ఇనప గుండు విసురుతాడు. వాడికి నియమమంటే నియమమే.

"పోటీ ముందు మీగడ తినొద్దంటారు. మాకే చెప్తారు. మీరు తింటారు."

"నాకేం పోటీ ఉందిరా?"

"డాక్టర్‌తో ఉంది."

బురులాయ్ పడీపడీ నవ్వింది. నాకు రోషం వచ్చింది.

ఆ సాయంత్రం దారంతా షబ్దాన్ నన్ను అంటిపెట్టుకునే నడిచాడు. బురులాయ్ తల్లి రొట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వీడు బూట్లు కూడా విప్పకుండా, గోరంత ముక్క తుంచి నా నోట్లో పెట్టాడు.

"రుచి చూశారు. అయిపోయింది. పదండి ఎజే."

"అయ్యో, టీ కాచానయ్యా! కాసేపు కూర్చోనివ్వవా?"

"కూర్చుంటే నూట డెబ్భై."

"నువ్వేమన్నా పోలీసువా?"

"కాదు. గుండు విసురుతా."

ఆవిడ దారి ఇచ్చేసింది. చివరిది వాడి ఇల్లే. వాళ్లమ్మ నూనెలో పొంగించిన పిండి ముక్కలు పళ్లెం నిండా తెచ్చి, "కన్నతల్లి గుమ్మంలో కూడానా?" అని కళ్లెర్రజేసింది. "ఇక్కడ కూడా," అన్నాడు.

నాలుగో రోజున బురులాయ్ తల్లికి ఒళ్లు మండి, "కూర్చోనివ్వకపోతే నడుస్తూ మాట్లాడతా," అని శాలువా కప్పుకుని మాతో వచ్చేసింది. మరో రెండు రోజులకి ఇంకొకామె. రెండో వారానికల్లా మంచు వీధిలో మాదొక ఊరేగింపు. నాకు చెప్పుకునే దిగుళ్లే ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు, మధ్యలో ఒకళ్లనొకళ్లు దెప్పుకుని నవ్వుకున్నారు. వాళ్లకి నా సలహా అక్కర్లేదని తెలిసి ముందు కాస్త చిన్నబుచ్చుకున్నాను. తర్వాత హాయిగా నడిచాను.

మూడు వారాలకి నూట ముప్ఫై ఆరు. మెదెర్ రెండుసార్లు చూసి సంతకం పెట్టాడు. బురులాయ్ అప్పటికే సంచీ సర్దేసుకుంది.

ఆ సాయంత్రం అందర్నీ దింపేశాం. షబ్దాన్ మాత్రం తన ఇంట్లోకి వెళ్లలేదు.

"ఇంకో ఇల్లుంది."

"ఎవరిదిరా? అందరూ అయిపోయారుగా."

"మీది. మిమ్మల్నెవరు దింపుతారు?"

జట్టుని ఇళ్లకి దింపుతున్న ఈ పదకొండేళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదు. వాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటి దారి పట్టాను. నా గడప దగ్గర వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రొట్టె," అన్నాడు.

ఇంట్లో రొట్టె లేదు. ఒంటి మనిషిని, ఇన్నాళ్లూ ఆరిళ్లలో తిన్నాను. ఈ మూడు వారాలూ పొయ్యి దగ్గర నిలబడే గంజి తాగాను. గడపకి వచ్చినవాడికి పెట్టడానికి తుంపు రొట్టె లేని ఇల్లు నాది. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాడు కోటు జేబులోంచి వాళ్లమ్మ చేసిన రొట్టె తీసి నా బల్ల మీద పెట్టాడు. మళ్లీ గడప దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఇప్పుడు పెట్టండి."

గోరంత ముక్క తుంచి ఇచ్చాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెద్దది పెట్టండి ఎజే. నాకు బీపీ లేదు."

ఏడుస్తున్న మనిషిని నవ్వేశాను. సగం రొట్టె వాడి చేతిలో పెట్టి, లోపలికి పిలిచి, టీ కాచాను. చాలా ఏళ్లకి నా ఇంట్లో, నా బల్ల దగ్గర, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.