పోగులు కలిపే ముడి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు, ఒక చంటిది. నడిమింట్లో రాట్నం ముందు అవ్వ. పొయ్యి దగ్గర చిన్నమ్మ శారదమ్మ, ఆమె చంకలో పాలు తాగే పిల్ల. పెరట్లో తుమ్మమొద్దు ముందేసుకొని చిన్నాయిన చంద్రయ్య. నాలుగో మనిషి, చంద్రయ్య అన్న కూతురు సోమమ్మ, ఇంట్లో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. నెలనెలా వచ్చే ఆ రోజుల్లో ఆడది దూరముండాలి కాబట్టి, పెరటి మూలన బర్రెను కట్టేసే కొట్టంలో ఒక గోనెపట్టా, ఒక సత్తు చెంబు ఇచ్చి కూర్చోబెట్టారు. బాపు సిద్దయ్య నూలు కోసం పొద్దున్నే బండి కట్టుకొని నకిరేకల్ పోయాడు. దారిలో పుట్టింటి దగ్గర దిగుతానని అమ్మ కూడా అదే బండి ఎక్కింది.

నేతగాళ్ళ ఇల్లు కనుక ఆ కట్టుబాటు అక్కడ ఇంకా గట్టిది. దూరమున్న మనిషి చెయ్యి తగిలిన నూలును అవ్వ మగ్గమెక్కనివ్వదు. కొట్టం నుంచి దండెం మీద కట్టలుగా ఆరేసిన నూలు చిలపలు కనిపిస్తూనే ఉంటాయి. గంజి పట్టించిన తెల్లటి చిలపలు, గాలికి బరువుగా ఊగుతూ. సోమమ్మ వాటి వైపు చెయ్యి కూడా చాపదు.

"ఏం డాక్టరమ్మా, మీ నర్సమ్మ బర్రెకు కట్టు కట్టుడు కూడ నేర్పిందా?" మొద్దు చెక్కుతూనే అడిగాడు చంద్రయ్య.

సోమమ్మ నవ్వి మోకాళ్ళలో ముఖం దాచుకుంది.

"మాట్లాడదురా అది," లోపలి నుంచి అవ్వ అందుకుంది. "నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నది. కరిగిపోతదని భయం."

నర్సమ్మ సంగతేమంటే, చైనాతో లడాయి జరిగిన మరుసటేడు జిల్లా దవాఖాన నుంచి ఒక నర్సు బడికి వచ్చింది. మళ్ళీ లడాయి వచ్చినా, ఇల్లు కాలినా, ఎవరికి దెబ్బ తగిలినా, డాక్టరు దగ్గరికి చేరేదాకా ఏం చెయ్యాలో పెద్ద తరగతుల పిల్లలకు నేర్పి పోయింది. "ఈ ఊరి మీద బాంబెవడు ఏస్తడే, మన బర్రెల మీదనా?" అని అవ్వ అప్పట్లో పడీపడీ నవ్వింది.

కట్టు కట్టడానికి ముందుకు రమ్మంటే సోమమ్మ తల దించుకునేది. దెబ్బ తగిలిన మనిషిగా ఎవరు కూర్చుంటారంటే మాత్రం లేచేది. దెబ్బ తగిలిన మనిషి ఏమీ మాట్లాడక్కర్లేదు కదా. అట్లా బడి పిల్లలంతా ఆమె చేతికి కట్లు కట్టి నేర్చుకున్నారు. ఆమె మాత్రం ఎవరికీ కట్టలేదు. ఒకసారి, కారే నెత్తురును ఆపే బిగువు కట్టు కట్టిన పిల్లలు గంట కొట్టగానే ఇళ్ళకు పరుగెత్తారు. విప్పమని అడగడానికి సిగ్గుపడి, ఆ కట్టుతోనే ఇంటిదాకా వచ్చింది. ముందు వేళ్ళు చిమచిమలాడాయి. తర్వాత నొప్పి. తర్వాత నొప్పి కూడా పోయింది. ఆ చెయ్యి వేరే ఎవరిదో అయినట్టు భుజానికి వేలాడింది. మరునాడు నర్సమ్మకు తెలిసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. కట్టు కంటే విప్పడమే ముఖ్యమని, విప్పడం మరిచిన కట్టు చెయ్యినే తినేస్తుందని చెప్పింది.

మగ్గం గుంటలో పాతిన పాత గుంజకు చెద పట్టింది. కొత్త గుంజ కోసమే చంద్రయ్య ఆ మొద్దును బాడిసతో చెక్కుతున్నాడు. తుమ్మ చేవకు బాడిస జారింది. చప్పుడేమీ కాలేదు. చంద్రయ్య తన ఎడమ ముంజేతిని, అది తనది కానట్టు ఒక్క క్షణం చూశాడు. అప్పుడు నెత్తురు చిమ్మింది.

శారదమ్మ బయటికొచ్చి చూసి కేక పెట్టింది. చంటిదాన్ని అవ్వ ఒళ్ళో పడేసి, పసరు మందు కట్టే గొల్ల ఐలేశం కోసం వీధిలోకి ఉరికింది. అవ్వ పిల్లను నేల మీద పెట్టి, పసుపు కోసం లోపలికి పోయింది. ఏ కుండలో పెట్టిందో తెలియక ఒక్కో కుండా దించుతున్న చప్పుడు బయటికి వినబడుతోంది.

పెరట్లో చంద్రయ్య ఒక్కడే మిగిలాడు. గోడకు ఆనుకొని మెల్లగా కిందికి జారుతున్నాడు.

సోమమ్మ కొట్టం గడప దాకా వచ్చి ఆగింది. అడుగు బయట పెడితే ఏమవుతుందో తెలుసు. పెట్టకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఎప్పుడు పరుగెత్తిందో ఆమెకే గుర్తు లేదు. ఓణీ ఉండచుట్టి గాయం మీద అదిమింది. చెయ్యి పైకెత్తి పట్టింది. ఓణీ తడిసిపోయింది. ఇంకా గట్టిగా అదిమి పడితే ఆగేదేమో. నర్సమ్మ చెప్పింది కూడా అదే, తొందరపడొద్దు, అదిమి పట్టడమే మొదటి మందు అని. కానీ వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా కారుతుంటే సోమమ్మకు ఓపిక నిలవలేదు. దండెం మీది నూలు చిలప లాగి, మోచేతికి పైన చుట్టి బిగించి ముడి వేసింది.

నెత్తురు తగ్గింది. చిమ్మడం పోయి కారడం, కారడం పోయి చెమర్చడం.

అప్పుడు చూసుకుంది తను వేసిన ముడి. ఒక్క గుంజుకు ఊడొచ్చే ముడి వెయ్యాలి, వెడల్పు గుడ్డతో కట్టాలి. ఆమె చేతులు మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ వేస్తున్న ముడినే వేశాయి. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసల్నీ కలిపే ముడి. ఎంత లాగితే అంత బిగిసే ముడి. అందులోనూ గంజి నూలు, నెత్తుటికి తడిసి ఉబ్బింది. గోరు దూరే సందు లేదు.

"ఓసి నీ చేతులిరగ!" పసుపు గిన్నెతో వచ్చిన అవ్వ అక్కడే నిలబడిపోయింది. "దూరముండి మనిషిని ముట్టినవా? నూలు కూడ ముట్టినవా?"

"అవ్వా, నెత్తురు..."

"పో. కొట్టంలకు పో. ఐలేశం వస్తుండు." అవ్వ దగ్గరికి వంగి గొంతు తగ్గించింది. "నువ్వు ముట్టినవని తెలిస్తే వాడు మందు తీసుకొని తిరిగిపోతడు. నోట్లకెల్లి మాటొచ్చిందో, నీ చిన్నాయిన పానం నీ నెత్తిన."

ఐలేశం వచ్చి గాయం చూశాడు. గొర్రెలకూ మనుషులకూ అతను కట్టిన కట్లు ఎన్నో ఊళ్ళో తిరుగుతున్నాయి. మోచేతి పైన బిగిసిన నూలును వేలితో తట్టాడు.

"ఇదెవలు కట్టిండ్రు?"

"నేనే," అంది అవ్వ.

"మంచిగ కట్టినవవ్వా. నెత్తురు నిలవడ్డది." ఆకు పసరు పిండి గుడ్డ చుట్టాడు. "ఇగ నా మందు పడ్డది. రేపు పొద్దు పొడిచేదాక ఈ చెయ్యి ఎవలు ముట్టొద్దు. పై కట్టు విప్పొద్దు, కింది కట్టు విప్పొద్దు. దూరమున్న ఆడోళ్ళ నీడ గిట్ల పడనియ్యకుండ్రి."

చంద్రయ్య ఒకసారి కొట్టం వైపు చూశాడు. అతన్ని లోపలికి నడిపించుకు పోయారు.

సోమమ్మ గోనెపట్టా మీద కూర్చొని చేతులకు అంటిన నెత్తురును చెంబు నీళ్ళతో కడుక్కుంది. నీళ్ళయిపోయాయి గానీ గోళ్ళ కింద ఎరుపు పోలేదు. ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంది. కట్టింది నేను, అది విప్పాలి. ఇంత చిన్న మాట. ఎన్నిసార్లు కూడబలుక్కున్నా గొంతు దాకా వచ్చి కిందికి దిగిపోయేది. చెప్తే ఐలేశం పోతాడు. చెప్పకపోతే చెయ్యి పోతుంది. ఒక చేత్తో పేక పోగు నడిపే నాడె విసరొచ్చు గానీ, రెండో చెయ్యి లేకపోతే మగ్గం ఆడదు. చిన్నాయినకు మగ్గం తప్ప ఇంకో పని రాదు.

పొద్దు నడినెత్తికొచ్చింది. శారదమ్మ దూరం నుంచి ఆకులో జొన్న గటక పెట్టి జరిపింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఉబ్బాయి, అయినా ముఖంలో కొంచెం తేట కనిపించింది.

"ఇంత తిను సోమీ. మీ చిన్నాయిన జర నయమైండు. ఇందాక నొప్పని మొత్తుకున్నడా, ఇప్పుడు నొప్పే లేదంటుండు."

సోమమ్మ చెయ్యి ఆకు దగ్గరే ఆగిపోయింది. "వేళ్ళు ఎట్లున్నయి చిన్నమ్మా?"

"సల్లగున్నయి. జర నల్లగైనయి. మందు పట్టిందన్నడు ఐలేశం. నొప్పి పోయిందంటే మంచిదే గదా?"

"మంచిది కాదు."

"ఏందే?"

సోమమ్మ లేచింది. శారదమ్మ కంగారుగా పక్కకు తప్పుకుంది, తగులుతుందేమోనని. సోమమ్మ పెరడు దాటి నడిమింటి వెనక తలుపు దగ్గరికి పోయి, గడప ఇవతల నిలబడింది. లోపల మంచం మీద చంద్రయ్య, కాళ్ళ దగ్గర అవ్వ. ఐలేశం గోడకు ఆనుకొని చుట్ట కాలుస్తున్నాడు. మంచం పట్టె మీది నుంచి చిన్నాయిన వేళ్ళు వేలాడుతున్నాయి.

"ఆ నూలు నేను కట్టిన," అంది సోమమ్మ.

గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆమెకే తెలియలేదు. అవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది, తన నోరే జారినట్టు.

"నేను దూరమున్న. నేనే ముట్టిన. అవ్వ కాదు. తెల్లారేదాక ఉంచితే చెయ్యి చచ్చిపోతది. ఇప్పుడే తీయుండ్రి."

ఐలేశం చుట్టను నేలకేసి ఆర్పాడు. కోపమేమీ చూపించలేదు. పసరు ముంత చేతిలోకి తీసుకున్నాడు. "అవ్వా, నాతోని అబద్ధమాడినవు. మందు చెడ్డది. ఇగ నా బాధ్యత లేదు," అని వాకిలి వైపు నడిచాడు. అవ్వ "ఐలేశం, నీ కాల్మొక్త, ఆగు నాయినా," అంటూ వెంటపడింది. వీధిలోంచి ఆమె ఏడుపు వినబడుతూనే ఉంది.

మంచం మీది చంద్రయ్య కళ్ళు తెరిచాడు. "పోరినేమనకుండ్రి," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు.

శారదమ్మ సోమమ్మను దాటి లోపలికి వచ్చింది. భర్త వేళ్ళు తన చేతిలోకి తీసుకొని నొక్కి చూసింది. వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. తర్వాత మగ్గం పక్క గూట్లోంచి పోగులు కోసే చిన్న కత్తి తీసింది.

"ముడి విప్పరాదు చిన్నమ్మా, కొయ్యాలె," సోమమ్మ ద్వారబంధం మీద చెయ్యి వేసింది. "ముందుగల్ల గాయం మీద ఉతికిన గుడ్డ పెట్టి అదుము. గట్టిగ అదుము. చెయ్యి పైకి పట్టు. అప్పుడు కొయ్యి. మళ్ళ నెత్తురొస్తది, భయపడకు, గుడ్డ తియ్యకు, మీదనే ఇంకో గుడ్డ పెట్టు. ఎవల్దన్న బండి అడిగి దవాఖానకు... నేను వచ్చి పట్టుకుంట చిన్నమ్మా, నువ్వొక్కదానివి..."

"నువ్వు రాకు," అంది శారదమ్మ. ఆమె కళ్ళు సోమమ్మ చేతుల మీద ఉన్నాయి. "ఇప్పటికి చాలు. నువ్వు రాకు."

"పట్టుకునేటోళ్ళు లేకుంటే..."

శారదమ్మ కత్తి ఉన్న చేత్తోనే తలుపు ముందుకు తోసింది. సోమమ్మ ద్వారబంధం మీది నుంచి వేళ్ళు వెనక్కి తీసుకునేంత సేపు ఆగి, తలుపు మూసి గడియ పెట్టింది.