పుస్తకంలో నా వేలు

నా కుడిచేతి చూపుడు వేలికి గోరు లేదు. ఇరవై ఏళ్ల కిందట రాతి క్వారీలో సుత్తి దెబ్బకు పోయింది. ఆ వేలు ఇప్పుడు ఒక పుస్తకంలో అచ్చయి ఉంది, నూట పదకొండో పేజీలో.

మాది చింతామణి తాలూకా, కెంచార్లహళ్ళి పక్కనున్న కాలనీ. ముప్పై ఇళ్లు, రేకుల కప్పు వేసిన చర్చి ఒకటి. పాస్టరు బాగేపల్లి నుంచి నెలకొకసారి వస్తాడు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది నేనే. చర్చిలో నా పేరు ఆశీర్వాదం. రేషన్ కార్డులో పిళ్ళప్ప. మా కాలనీలో అందరికీ అట్లా రెండు పేర్లు. షెడ్యూల్డు కులం వాడు క్రైస్తవుడని సర్కారుకు తెలిస్తే జాతి పత్రం, అంటే కులం సర్టిఫికెట్టు, రద్దవుతుంది. దాంతో పిల్లల హాస్టలు, సీటు, ఉద్యోగం అన్నీ పోతాయి. అందుకని మా బాప్తిస్మాలు చర్చి రిజిస్టరులో మాత్రమే ఉంటాయి. రిజిస్టరు మా ఇంట్లో ఇనుప పెట్టెలో ఉంటుంది.

రెండేళ్ల కిందట దేవరాజ్ వచ్చాడు. చిక్కబళ్ళాపురంలో ఒక పాస్టరు కొడుకు. బెంగళూరులో పాస్టర్లకు చదువు చెప్పే కాలేజీలో అధ్యాపకుడు. మా మీద పరిశోధన చేస్తానన్నాడు. కింద కూర్చుని రాగిముద్ద తిన్నాడు, తిన్న తట్ట తానే కడిగాడు. ఆదివారం ప్రసంగంలో, తమ చదువులు కాలేజీ గోడల మధ్యే ఉండిపోతే దండగ, అవి చర్చిలోకి రావాలి, చర్చిలోంచి వీధిలోకి పోవాలి అన్నాడు. అంతవరకు ఏ పెద్ద చదువూ మా రేకుల కిందికి రాలేదు.

"ఈయప్ప మాట్లాడితే మనిళ్లలోని వాడు మాట్లాడినట్టే ఉండాది" అంది నా భార్య లక్ష్మీనరసమ్మ.

నాలుగోసారి వచ్చినప్పుడు రిజిస్టరు చూపించమన్నాడు.

"పేర్లు బయటికి రాకూడదప్పా" అన్నాను.

"పేర్లన్నీ మార్చే రాస్తానప్పా. నన్ను నమ్మండి."

పెట్టె తీశాను. మా కూతురిది పద్నాలుగో ఏట జరిగిన బాప్తిస్మం. 'కృప, బడిలో పేరు మంజుశ్రీ' అని రాసింది నేనే. నా రాత బాగుంటుందని బడిలో మేష్ట్రు అనేవాడు. ఆ వరస కింద వేలు పెట్టి చూపించాను. ఆయన ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. నేను వేలు తీయలేదు. తీయమని ఆయనా అనలేదు.

పుస్తకం బాగేపల్లిలో ఒక హాల్లో విడుదల చేశారు. నాకు శాలువా కప్పారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. లోపల పేర్లు మార్చానని దేవరాజ్ చెప్పాడు, మార్చాడు కూడా. మేము బొమ్మలు చూశాం. నా వేలు కనబడగానే ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. దాని పైన అక్షరాలు ఎంత స్పష్టంగా పడ్డాయో మాలో ఎవరికీ పట్టలేదు.

ఈ ఏడు మంజుశ్రీకి రిజర్వేషన్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. తెల్ల కోటు కుట్టించుకుంది. కాలేజీలో చేరిన నెలకు జాతి పత్రం ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని తాలూకా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది.

ఆఫీసులో కృష్ణప్ప అనే ఆయన ముందు నిలబెట్టారు. నోటీసు అందినట్టు సంతకం చేయమన్నాడు. చేశాను. ఆయన నా చేతి వంక చూసి, ఫైల్లోంచి ఒక జెరాక్సు కాగితం తీసి దాని పక్కన పెట్టాడు. నూట పదకొండో పేజీ.

"ఇది నీ వేలేనా?"

నేను వేలు మడుచుకున్నాను.

"కాదని చెప్పేదానికి గూడ వీలు లేకుండా చేసి పెట్నాడు గదప్పా, ఆ రాసినాయన."

"ఎవరిచ్చినారు సార్ ఇది?"

"ఎవరైతే ఏమి? పుస్తకమంటే అందరూ చదివేదే గదా. రూల్సు ఇట్లుండాయి, నేను చేసేదేముండాది? పదైదు దినాల్లో జవాబు ఇయ్యి."

మరుసటి రోజు నేనూ లక్ష్మీనరసమ్మా చిక్కబళ్ళాపురం పోయాం. దేవరాజ్ ఆ రోజు అక్కడ తన తండ్రి ఇంట్లో ఉన్నాడు. విని చాలాసేపు తల పట్టుకున్నాడు. ఆయన బాధ నటన అని నేను చెప్పను.

"ఆ రిజిస్టరు మాది కాదని, యాడిదో అని ఒక కాగితం రాసియ్యప్పా" అన్నాను. "నీ మాటకు విలువ ఇస్తారు."

"అట్ల రాస్తే పుస్తకమంతా అబద్ధమయిపోతాది ఆశీర్వాదమప్పా. ఈ చట్టమే అన్యాయం. దాని మీదనే గదా నేను రాసింది."

"చట్టం మారేదాకా మా పిల్ల కాలేజీ గేటు బయట నిలబడాల్నా?" అంది లక్ష్మీనరసమ్మ.

దేవరాజ్ భార్య కాఫీ తెచ్చింది. లక్ష్మీనరసమ్మ లోటా ముట్టుకోలేదు. "ఆ దినం మా ఇంట్లో తట్ట గూడ కడిగితివి నాయనా. ఇప్పుడు ఇంత చిన్న కాగితం కష్టమాయె నీకు" అని లేచింది.

పదిహేను రోజులు గడిచాయి. జాతి పత్రం రద్దయింది, సీటు పోయింది. తెల్ల కోటు మడిచి అటక మీద పెట్టాం. మంజుశ్రీ ఇప్పుడు చింతామణి మార్కెట్లో టమాటాలు ఏరే పనికి పోతాంది.

పోయిన నెల దేవరాజ్ మళ్ళీ వచ్చాడు. చర్చి, సమాజం అని బెంగళూరులో ఒక సభ పెడుతున్నారట. మంజుశ్రీ వచ్చి తన కథ చెప్పాలట. పుస్తకం రెండోసారి అచ్చు వేస్తే అందులోనూ చేరుస్తాడట.

"నీ పేరు మారుస్తానమ్మా" అన్నాడు.

మంజుశ్రీ అప్పుడే పని నుంచి వచ్చింది. గోళ్ల సందుల్లో టమాటా పసరు కడుక్కుంటూ ఉంది.

"ఏ పేరు మారుస్తావన్నా? ఉండేటివి రెండూ అచ్చేస్తివి గదా."

ఆయన నా వైపు తిరిగి, రిజిస్టరు ఇంకొకసారి చూడొచ్చా అన్నాడు.

"చెదలు తినేసిందప్పా."

ఆయన మూలనున్న ఇనుప పెట్టె వంక చూశాడు. నేనూ చూశాను. ఇంకేమీ అడగకుండా కారెక్కాడు.

పోయిన ఆదివారం పాస్టరు వచ్చి ఇద్దరికి బాప్తిస్మం ఇచ్చాడు. పేర్లు రాసేదానికి రిజిస్టరు తెమ్మన్నాడు. పెట్టె తాళంచెవి పోయిందని చెప్పాను. తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉంది. చర్చిలో నిలబడి అబద్ధం చెప్పడం నాకదే మొదటిసారి.