ఏ ఆంబ్రోస్ బకాయి?

అది 2006 వసంతం. అమెరికాలోని టొలీడో పట్నంలో టిల్మన్ కుటుంబం ఆదివారం చర్చి నుంచి వచ్చి వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టెతో భోజనానికి కూర్చుంది. ఆ బల్ల దగ్గర ఇద్దరు ఆంబ్రోస్ టిల్మన్‌లు ఉన్నారు. ఒకప్పుడు సెలూన్ నడిపిన పెద్దాయన సీనియర్, సిటీ బస్సు నడిపే కొడుకు జూనియర్. తండ్రి పేరే కొడుక్కి పెట్టుకోవడం అక్కడివాళ్ళకు మహా ముచ్చట. ఆ ముచ్చటే ఈ సంసారాన్ని ఎన్ని తిప్పలు పెట్టిందో పాఠకులు వినాలి.

ఇంటి అప్పు ఇవ్వలేమని ఆ ముందురోజే బ్యాంకు ఉత్తరం పంపింది. అప్పులూ చెల్లింపుల చరిత్ర చూపే జూనియర్ క్రెడిట్ రిపోర్టులో నాలుగు వేల డాలర్ల పన్ను బకాయి ఉందట. పదకొండేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపాక అతనూ భార్య వెర్నెల్ ఇష్టపడి చూసుకున్న ఇల్లది. అమ్మేవాళ్ళు నలభై ఐదు రోజులు ఆగుతామన్నారు.

"నేనెప్పుడు ఎగ్గొట్టాను పన్ను?" అన్నాడు జూనియర్.

"జీతంలోంచే కోసేస్తారుగా, ఎగ్గొడదామన్నా నీ వల్ల అవుతుందా?" అంది వెర్నెల్.

పెద్దాయన మాత్రం తలెత్తలేదు. రిపోర్టు తెప్పించి చూస్తే బకాయి పక్కన ఉన్న అడ్రసు పాత సెలూన్‌ది. జూనియర్‌కు సంగతి అర్థమైంది. గుట్టుచప్పుడు కాకుండా తనే కట్టేస్తే నాన్న పరువూ నిలుస్తుంది, ఇల్లూ వస్తుందనుకున్నాడు. మంచి కొడుకులందరూ చేసే తప్పే ఇది.

వెర్నెల్ ఊరుకోలేదు. చర్చిలో శనివారాలు కాగితాల విషయంలో సలహాలు చెప్పే ఒడెస్సా గారి దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ కోర్టులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి.

"కట్టావంటే అది నీదేనని ఒప్పుకున్నట్టే నాయనా. కట్టిన బకాయి అని రాసి ఇంకో ఏడేళ్ళు నీ రిపోర్టులోనే ఉంచుతారు. డబ్బూ పోయె, ఇల్లూ పోయె."

"మరేం చెయ్యమంటారు?"

"ఇది నాది కాదని ఆ రిపోర్టు తయారుచేసే కంపెనీకి ఉత్తరం రాయి. నీ పుట్టినతేదీ, ఒక్కొక్కరికీ వేరుగా ఉండే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్న కాగితాలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపు. ముప్పై రోజుల్లో విచారించి తేల్చాలని చట్టమే ఉంది. బకాయి తనదని మీ నాన్న కూడా రాసిస్తే ఇక తిరుగుండదు."

"ఆయన్ని ఎలా అడగనండీ?"

"నోటితో."

ఆ నోరు పెగలడానికి నాలుగు రోజులు పట్టింది. బుధవారం జూనియర్ తండ్రి ఇంటి అరుగు మీద కూర్చుని, "నాన్నా, ఆ బకాయి సంగతి..." అని ఆగిపోయాడు.

"అడిగావా, హమ్మయ్య! బ్యాంకు ఉత్తరం సంగతి విన్నప్పటి నుంచీ నాకు తిండి సయించట్లేదురా," అన్నాడు పెద్దాయన. "షాపు మూసే ఏడాది కట్టలేకపోయాను. ఇప్పుడు నెలకి యాభై చొప్పున కడుతున్నా. నీకు తెలిస్తే చులకనైపోతానని చెప్పలేదు. ఆ కాగితం ఇలా తే."

బకాయి తనదేననీ, కొడుకుది కాదనీ తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. జూనియర్‌కు కళ్ళు చెమర్చాయి. తండ్రి అంత పెద్దమనిషిగా అతనికి ఎప్పుడూ కనిపించలేదు.

ఉత్తరం పంపిన ఇరవై ఆరో రోజున జవాబు వచ్చింది. బకాయి అతనిది కాదని తేలిందనీ, రిపోర్టులోంచి తీసేశామనీ రాశారు. బ్యాంకు అప్పిచ్చింది, ఇల్లు దక్కింది.

తరవాతి శనివారం ఒడెస్సా గారి సభలో పెద్దాయన ఎవరూ పిలవకుండానే లేచి నిలబడ్డాడు.

"నేను సిగ్గుపడి దాచినన్నాళ్ళూ నా బకాయి నా కొడుకు నెత్తిన కూర్చుంది. మీ పేరు మీద ఏం రాసి ఉందో తెప్పించుకుని చదవండి. మీది కాకపోతే కాదని రాసి పంపండి. మీదే అయితే మాత్రం, నాదేనని ముందు మీ పిల్లలకి చెప్పండి."